పేరు పెద్దదానిది, మొహం చిన్నదానిది

పోస్టరు ఇంకా తడిగానే ఉంది. అంచుల నుంచి మైదా గంజి కారుతోంది. కోటేశ్వరి దాన్ని పాలకేంద్రం గోడ మీంచి ఊడబీకి తెచ్చి వసారాలో నులకమంచం మీద పరిచింది.

"మంచం పాడవుద్దే," అంది కోటిరత్నం. ఆవిడ కోటేశ్వరికి మేనత్త. మూలన గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"మంచం సంగతి తర్వాత. ఇటు చూడత్తా. ఈ మొహం ఎవరిది?"

కోటిరత్నం తల ఎత్తలేదు. పొద్దున పాలు పోయడానికి వెళ్ళినప్పుడే చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి మిరపకాయల ముందు కూర్చుంది.

పోస్టరు నిండా ఎర్రటి అక్షరాలు. నల్లగట్టుపాలెం తిరునాళ్ళలో, ఎడ్ల బండలాగుడు పందేల ఆఖరి రోజు సాయంత్రం, ఆడవాళ్ళ కుస్తీ. టీవీలో చూసేది మీ కళ్ళ ముందుకు. కింద ఇంకా పెద్దగా: పల్నాటి ఆడపులి కోటేశ్వరి.

ఆ పేరు మీద ఉన్న మొహం కోటేశ్వరిది కాదు. చెల్లెలు తేజశ్రీది. నరసరావుపేట స్టూడియోలో తీయించుకున్న ఫోటో. తలలో కనకాంబరాలు, కొంచెం పక్కకి వంచిన మెడ, పెదవి దాటని నవ్వు. మెడ కింద ఒళ్ళు మాత్రం ఆ పిల్లది కాదు. టీవీ కుస్తీల్లో కనిపించే ఏ దేశపు మనిషిదో. ఒంటి మీద చేతిరుమాలంత గుడ్డ.

పక్కనే అదే ఆటలో మగవాళ్ళ కుస్తీ పట్టే బాజీ బొమ్మ. బాజీ మొహం బాజీదే. పై వరసలో పన్ను లేని చోట పన్ను లేదు. చెవులు నలిగి నలిగి గుమ్మడి వడియాల్లా ఉన్నాయి. పొట్ట నిక్కరు మీదికి జారింది. కింద 'ఉక్కుపిండం బాజీ' అని వేశారు. ఏదీ దాచలేదు. దాచాలని ఎవరికీ తోచలేదు.

"పేరు పెద్దదానిది, మొహం చిన్నదానిది," అంది కోటిరత్నం ఎట్టకేలకు. "ఆ ఒళ్ళు ఎవత్తిదో నాకు తెలవదు."

"ఫోటో ఎవరిచ్చారు?"

"నన్నడుగుతావేంటే? ఫోటోలు ఇచ్చే మొహమా నాది?"

దొడ్లో ఎద్దుల తొట్టి దగ్గర చెయ్యి కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. యలమంద తవుడు కలుపుతున్నాడు. ఎప్పుడో కలిసిపోయింది. అయినా కలుపుతూనే ఉన్నాడు.

"నాన్నా, ఇటు రా."

చప్పుడు ఆగింది. మనిషి రాలేదు.

లోపలి గది తలుపు గడియ పెట్టి ఉంది. తేజశ్రీ పొద్దున కాలేజీకని బస్సెక్కి, సగం దారిలో దిగి నడిచి వచ్చేసింది. వచ్చినప్పటి నుంచి ఆ గదిలోనే ఉంది. తెల్లవారుజామున చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో పోస్టర్లు అంటించారు. బస్సులో వెనక సీటు కుర్రాళ్ళు ఏమన్నారో ఆ పిల్ల చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు. అడగకుండానే తెలుస్తుంది.

"నాన్నా!"

యలమంద వచ్చాడు. చేతులకి తవుడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచం వైపు చూడలేదు.

"ఇది నీకు తెలుసా?"

"ఆ ఒళ్ళు సంగతి నాకు తెలవదమ్మా. ఒట్టు."

"మొహం సంగతి?"

యలమంద పంచెకి చేతులు తుడుచుకున్నాడు.

గది తలుపు తెరుచుకుంది. తేజశ్రీ కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"రేషన్ కార్డుకన్నావు. పూలు పెట్టుకున్న ఫోటో రేషన్ కార్డుకి ఎందుకు నాన్నా అంటే, ఎందుకైతే ఏంలే, బాగుందిగా అన్నావు. నేను నవ్వుకుంటా లోపలికెళ్ళి తెచ్చిచ్చా."

"ఇంత చేస్తాడనుకోలేదమ్మా ఆ కుస్తీల ప్రేమ్‌చంద్."

"ఎంత చేస్తాడనుకున్నావు?"

భార్య పోయిన మగవాడికి ఇంట్లో అడ్డు చెప్పే గొంతు ఒకటి తగ్గుతుంది. అది సుఖమనుకుంటాడు మూర్ఖుడు. యలమంద అలాగే అనుకున్నాడు ఇన్నేళ్ళూ.

కోటేశ్వరి పోస్టరు కోసం తన ఫోటో తానే తండ్రి చేతికి ఇచ్చింది. సత్తెనపల్లిలో తనకి కుస్తీ నేర్పిన నన్నే సాహెబ్ తాలింఖానాలో, మట్టి పూసుకున్న చేతులతో, మెళ్ళో పతకంతో తీసిన ఫోటో. కుస్తీ ఆటలు ఆడించే ప్రేమ్‌చంద్ ఆ ఫోటో చూసి, "ఈ అబ్బాయి ఎవరండీ?" అన్నాడు. అని నవ్వాడు. యలమంద కూడా నవ్వాడు. ఆ తర్వాత "ఇంట్లో ఇంకో అమ్మాయి లేదాండీ?" అని అడగడానికి ప్రేమ్‌చంద్‌కి ఎంతో సేపు పట్టలేదు. ఉందని చెప్పడానికి యలమందకీ పట్టలేదు.

"నా ఫోటో ఏమైంది?" అని అడిగింది కోటేశ్వరి.

"బాగా రాలేదన్నాడు."

"ఫోటోనా, నేనా?"

"ఎందుకే ఇప్పుడా మాటలు?"

"నువ్వు పళ్ళు చూసే మనిషివి నాన్నా."

యలమంద తల ఎత్తాడు. ఆ మాట అతనికి తగలవలసిన చోట తగిలింది. ఈ చుట్టుపక్కల బండలాగుడు పందెం ఎక్కడ జరిగినా ఎద్దుల పళ్ళు చూసి వయసు తేల్చేది అతనే. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నది అతను ఎద్దు నోరు తెరిచి చూసి చెబితే అదే ఖాయం. కమిటీవాళ్ళు ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోతారు.

"నాలుగు పళ్ళ పోటీకి ఆరు పళ్ళ గిత్తను తోలుకొచ్చాడని ఆ మార్టూరు ఆసామిని జనంలో నిలబెట్టి కడిగావు. వాడు జీపులో వచ్చిన మనిషి. కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఒక పశువు పేరు మీద ఇంకో పశువును బరిలోకి తోలినోడు మనిషే కాదన్నావు. నేను పక్కనే ఉన్నా. చిన్నపిల్లని. మా నాన్న ఎంతటోడో అనుకున్నా."

"అది పందెం. ఇది ఆట."

"నాకు ఆట కాదు."

కోటిరత్నం తొడిమలు తీయడం ఆపింది. "ఎద్దులకైనా అందాల పోటీ వేరే పెడతార్రా, బండ లాగే పోటీ వేరే పెడతారు. మూపురం పక్కకి ఒరిగిందని బండ కాడ నుంచి ఏ గిత్తనన్నా తోలేశారా? ఆ బాజీగాణ్ణి చూడు. వాడి మొహం చూసి మా ఇంటి దూడ బెదిరింది మొన్న. వాడికి లేదే ఇంకోడి మొహం?"

"నువ్వూరుకో అక్కా."

"ఊరుకునే ఉన్నా. పొద్దుటి నుంచీ ఊరుకునే ఉన్నా. నాదీ తప్పే."

బయట జీపు ఆగింది. మైకులో పాట ఆగింది.

ప్రేమ్‌చంద్ చెప్పులు బయట వదిలి, వంగి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెళ్ళో గొలుసు, నోట్లో ఎప్పుడూ అండీలు. వెనక బాజీ. బాజీ గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి దూరాడు.

మంచం మీద పోస్టరు చూసి ప్రేమ్‌చంద్ తడబడలేదు.

"ప్రింటు బాగా వచ్చిందండీ. చిలకలూరిపేటలో రంగులు సరిగ్గా వేయరని భయపడ్డా."

కోటిరత్నం లేచి బాజీకి మజ్జిగ ఇచ్చింది. ప్రేమ్‌చంద్‌కి ఇవ్వలేదు.

"చిన్నమ్మాయికి కోపం వచ్చినట్టుందండీ," అన్నాడు ప్రేమ్‌చంద్. "ఆ డ్రెస్సు సంగతి ప్రెస్సువాళ్ళ పొరపాటు. నేను చీరే వేయమన్నా."

"కుస్తీకి చీరా?" అంది తేజశ్రీ.

ప్రేమ్‌చంద్ యలమంద వైపు తిరిగాడు. "జరిగింది జరిగిందండీ. ఇప్పుడు సాయంత్రం సంగతి చూడాలి. జనం ఈ మొహం చూసి వస్తున్నారు. ఈ మొహం కనపడకపోతే కుర్చీలు విరుగుతాయి. నేనొక దారి ఆలోచించా." చేతిసంచిలోంచి ఎర్రటి పట్టుగుడ్డ తీశాడు. కళ్ళకీ ముక్కుకీ కన్నాలు పెట్టి కుట్టిన ముసుగు. చుట్టూ జరీ అంచు. "చిన్నమ్మాయి ఒక్కసారి బరిలోకి వచ్చి దండం పెట్టి లోపలికెళ్ళుద్ది. నిండా శాలువా కప్పుకునే. తర్వాత పెద్దమ్మాయి ఇది వేసుకుని వచ్చి కుస్తీ పట్టుద్ది. టీవీలో ముసుగులు వేసుకోవటం లేదాండీ? జనానికి అనుమానం రాదు. ఇద్దరి గౌరవమూ నిలబడుద్ది."

"ఆ ఒళ్ళు కూడా నన్నే తెమ్మంటారా?" అంది తేజశ్రీ.

"అమ్మాయిగారూ, నేను గౌరవంగానే మాట్లాడుతున్నా."

"గోడల మీద చూశాంగా మీ గౌరవం."

కోటేశ్వరి ముసుగు చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. లోపలి కుట్టు వేలితో తడిమింది. ఈ సాయంత్రం జనం మెచ్చితే ఏడాది పొడుగునా తన బృందంలో తిప్పుతానని ప్రేమ్‌చంద్ అందరి ముందూ మాటిచ్చాడు. ఒంగోలు, బెజవాడ, రాజమండ్రి. ఊరూరా బరి. మిర్చి యార్డులో నోటికి గుడ్డ కట్టుకుని బస్తాలు కుట్టే పని వదిలెయ్యొచ్చు. ఇన్నాళ్ళూ ఆమె కుస్తీ పట్టింది తాలింఖానాలో, స్కూలు గదుల్లో పెట్టే పోటీల్లో, నన్నే సాహెబ్ తప్ప తనవాళ్ళెవరూ చూడని చోట. జనంలో పట్టడం ఇదే మొదలు. తనవాళ్ళు చూస్తుండగా, తన మొహంతో. ఆమె ఆశ అంతవరకే.

"బాజీ అన్నా," అంది. "నువ్వెప్పుడన్నా ఇది వేసుకున్నావా?"

బాజీ మజ్జిగ గ్లాసు దించాడు. ప్రేమ్‌చంద్ మొహం చూశాడు. మళ్ళీ ఆమె మొహం చూశాడు. అబద్ధం ఆడటం అతనికి రాదు.

"వేసుకోమన్నారమ్మా ఒకసారి. ఊపిరాడటం లేదన్నా. సరే తీసెయ్ అన్నారు."

"నాకూ ఆడదు," అంది కోటేశ్వరి ప్రేమ్‌చంద్‌తో.

"అలవాటవుద్దండీ."

బాజీ నేలచూపులు చూశాడు. "నాదేవుందిలే తల్లీ. మగోడి మొహం ఎట్టా ఉంటే ఎవడడుగుతాడు?" అన్నాడు. ఓదార్పు అనుకుని అన్నాడు. అన్నాక ఏమన్నాడో అతనికే అర్థమై, ఖాళీ గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"కోటమ్మా," అన్నాడు యలమంద. చాలా మెల్లగా అన్నాడు. "వేసుకో. ఈ ఒక్కరోజుకి. నేను కమిటీవాళ్ళకి మాటిచ్చా. నన్ను చూసే వాళ్ళు ఒప్పుకున్నారు ఈ ఆటకి."

"వేసుకుంటా. ఒకటి చెప్పు ముందు. నా ఫోటో తీసి దాని ఫోటో ఎందుకిచ్చావు?"

"చెప్పాగా. వాడు అడిగాడు."

"వాడు అడిగితే ఎద్దు పళ్ళ సంగతి అబద్ధం చెప్తావా?"

"జనం నవ్వుతారని."

"జనం నవ్వకముందే నువ్వు నవ్వావంట. ఈ అబ్బాయి ఎవరండీ అని ఆయన అంటే. నన్నే సాహెబ్ అక్కడే ఉన్నాడు. ఆయన నాకు చెప్పలా. వాళ్ళ ఆవిడకు చెప్పుకుని బాధపడ్డాడంట. ఆవిడ చెప్పింది నాకు."

వసారాలో ఎండ ఒక పక్కకి జరిగింది. మిరపకాయల ఘాటుకి ప్రేమ్‌చంద్ ఒకటే తుమ్ముతున్నాడు. యలమంద గోటి సందున ఎండిన తవుడు గీక్కున్నాడు. చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుందని కూతుళ్ళిద్దరూ ఎదురుచూశారు. తండ్రి మీద కోపం వచ్చిన పిల్లలు కూడా ఆ కాసేపు ఆశపడతారు. ఆయన ఏదైనా చెబితే నమ్మేద్దామని చూస్తారు.

"మీ అమ్మ ఉంటే బాగుండేది," అన్నాడు యలమంద.

అది జవాబు కాదు. కోటేశ్వరి ముసుగు మడిచి ప్రేమ్‌చంద్ చేతిలో పెట్టింది.

"నా మొహంతోనే వస్తా."

"జనం ఊరుకోరండీ. నా మీద పడతారు."

"ఎవరు ఇచ్చారో, ఎవరు వేశారో మీరూ మీరూ చెప్పుకోండి జనానికి. బరిలోకి దిగమన్నారు, దిగుతా. నా పేరే గదా పిలుస్తారు."

సంచి భుజాన వేసుకుని జీపు ఎక్కకుండా నడిచి బయల్దేరింది. బాజీ కూడా జీపు ఎక్కలేదు. నాలుగడుగులు వెనకగా ఆమె వెంట నడిచాడు.

యలమంద లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కమిటీ మంచె మీద కూర్చోవాలి. కూర్చోకపోతే ఎందుకు రాలేదంటారు.

*

నల్లగట్టుపాలెంలో పత్తి తీసేసిన చేలో బరి వేశారు. ఇన్ని రోజులూ అక్కడే ఎడ్లు బండ లాగాయి. బండ ఈడ్చిన చారలు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఇసుక పోసి, చుట్టూ తాళ్ళు కట్టారు. పొద్దు వాలుతోంది. మగవాళ్ళు మూడు వైపులా కిక్కిరిసి ఉన్నారు. నాలుగో వైపు తడికల పక్కన ఆడవాళ్ళు కూర్చున్నారు. ఎక్కువమంది లేరు.

మంచె మీద కమిటీ పెద్ద వెంకయ్య పక్క కుర్చీ యలమందది. ఎప్పుడూ అదే కుర్చీ. అతని కూతుళ్ళని మాత్రం వెంకయ్య ఎన్నడూ చూడలేదు.

"నీ కూతురంటేనే ఒప్పుకున్నానయ్యా," అన్నాడు వెంకయ్య. "లేకపోతే ఆడోళ్ళ కుస్తీ ఏంది, తిరునాళ్ళలో? పోస్టరు చూసి మా ఇంటిది నన్ను తిట్టింది. ఇదేం పాడు బొమ్మ అని. అంత అందమైన పిల్లని పెట్టుకుని కుస్తీలేందయ్యా నీకు?"

యలమంద బరి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ముందు బాజీ కుస్తీ జరిగింది. బాజీ పరిగెత్తుకొస్తుంటే పొట్ట అతనికంటే ముందు వచ్చింది. కింద పడితే లేవడానికి తాడు పట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. పన్ను లేని నోటితో నవ్వి దండం పెడితే ఇంకా వేశారు. ముసలాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. "అదీ మగాడంటే!" అన్నాడు వెంకయ్య.

తర్వాత మైకులో కోటేశ్వరి పేరు పిలిచారు.

తాళ్ళు ఎత్తి ఆమె లోపలికి వచ్చింది. నల్ల నిక్కరు, పొడుగు చేతుల బనీను. నూనె రాసి బిగించి కట్టిన జుట్టు. కుడి చెవి నలిగి ముద్దయింది. గడ్డం కింద పాత మచ్చ. మోకాళ్ళు వంచి ఇసుక తీసుకుని నుదుటికి రాసుకుంది. నన్నే సాహెబ్ నేర్పిన పద్ధతి. బరి దగ్గర తలవంచని మల్లుడు మల్లుడు కాడంటాడు ఆయన.

జనంలోంచి ఒకడు అరిచాడు.

"ఒరేయ్, బొమ్మలో పిల్ల ఏదిరా?"

"ఇది పనిమనిషేమోరా, ఇసుక చిమ్మటానికొచ్చింది!"

"మగోడికి జడేశారేమో చూడండ్రా!"

నవ్వులు మొదలయ్యాయి. నవ్వులు కాసేపటికి కోపమయ్యాయి. టిక్కెట్లు చించి గాల్లోకి విసిరారు. "మోసం! పిల్లని మార్చారు!" అన్నారు. ఆమెతో తలపడటానికి హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్ల బరి బయటే ఆగిపోయింది. కోటేశ్వరి మధ్యలో నిలబడి ఉంది. చేతులు పక్కన వేలాడేసి, తల ఎత్తి నిలబడింది. ఎవరి మొహమూ చూడకుండా అందరికీ కనపడేలా నిలబడటం ఎంత కష్టమో ఆ చేలో ఉన్న మగవాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

యలమంద సొంత ఊరివాళ్ళు ఒక గుంపుగా ఒక పక్క ఉన్నారు. వాళ్ళకి రెండు మొహాలూ తెలుసు. వాళ్ళు అరవలేదు. ఏం జరుగుతుందో చూస్తున్నారు.

వెంకయ్య ప్రేమ్‌చంద్‌ని పిలిపించాడు. ప్రేమ్‌చంద్ మంచె ఎక్కి చేతులు కట్టుకున్నాడు.

"ఇంట్లోవాళ్ళు ఇచ్చిన ఫోటోనే వేశానండీ. నాదేం తప్పు లేదు. ఆయన్నే అడగండి."

కింద నుంచి ఎవడో అరిచాడు. "యలమంద ఉన్నాడుగా! పళ్ళు చూసి చెప్పమనండి, ఆ పిల్లో కాదో!"

చేను చేనంతా నవ్వింది. బాజీ బరి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనొక్కడు నవ్వలేదు. మంచె మీద వెంకయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపుకున్నాక మైకు యలమంద చేతికిచ్చాడు.

"చెప్పవయ్యా. నీ మాటంటే జనానికి గురి. ఈ పిల్ల కోటేశ్వరేనా?"

యలమంద లేచాడు. మైకు బరువుగా ఉంది. ఎద్దు దవడ తెరిచి, వేలు పెట్టి చూసి, వెనక్కి తిరిగి జనానికి చెప్పినప్పుడు ఏ రోజూ మైకు అవసరం పడలేదు.

"అవును," అన్నాడు. "కోటేశ్వరి. నా పెద్దకూతురు."

స్పీకర్లలో ఆ మాట తనకే ఆలస్యంగా వినిపించింది. జనం సద్దుమణిగారు. బరిలో కోటేశ్వరి మొదటిసారి మంచె వైపు తిరిగింది. ఆమె మొహంలో ఏదో సడలింది. ఒక్క మాట చాలని ఎదురుచూసిన మనిషికి ఆ మాట దొరికితే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది.

"మరి పోస్టరులో పిల్ల ఎవరయ్యా?" అన్నాడు వెంకయ్య.

ఆడవాళ్ళ వైపు చూడకూడదని యలమంద అనుకున్నాడు. అక్కను ఒక్కదాన్నే పంపకూడదని తేజశ్రీ కోటిరత్నాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పమిట తల మీదుగా లాక్కుని తడిక పక్కన కూర్చుంది. అది నా చిన్నకూతురు అంటే, గోడగోడకీ ఉన్న ఆ బొమ్మ ఈ పూటతో ఆ పిల్లకి అంటుకుపోతుంది. అనకపోతే జనం కళ్ళకి కోటేశ్వరి మళ్ళీ మోసం చేసి బరిలోకి దిగిన మనిషి అవుతుంది. ఇదంతా అతను ఆలోచించాడని చెప్పవచ్చు. ఆలోచించలేదు. ఫోటో ఇచ్చింది నేనే అన్న మాట నోట్లోంచి రాకుండా ఉండటానికి ఏ మాట దగ్గరలో ఉందో అది అన్నాడు.

"తెలవదు."

వెంకయ్య ముందుకు వంగాడు. "ఏందీ?"

"ఎవరో ఏమో. నాకు తెలవదు."

సొంత ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

అంతమంది అరిచినా దించని తల కోటేశ్వరి ఇప్పుడు దించింది.

ఆడవాళ్ళ వైపు గుసగుస లేచింది. తడిక పక్కన ఎవరో లేచి నిలబడ్డారు. కోటిరత్నం ఆ పిల్ల పమిట చెంగు పట్టుకుని, "కూర్చోవే, నీకు పుణ్యముంటుంది, కూర్చో," అంటూ కిందికి లాగుతోంది. తేజశ్రీ కూర్చోలేదు. పమిట ఆవిడ చేతుల్లో వదిలేసి, లంగా జాకెట్టుతోనే, మగవాళ్ళ మధ్య నుంచి బరి వైపు నడిచింది. ముందు వరసలో ఉన్న కుర్రాడు ఒకడు ఆ పిల్ల మొహం చూశాడు, చేతిలో ఉన్న పోస్టరు ముక్క చూశాడు, దారి వదిలాడు.

వెనకవాళ్ళూ పక్కకి జరిగారు.

వెంకయ్య యలమంద చేతిలోంచి మైకు లాక్కున్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని, వాలుతున్న పొద్దులోకి కళ్ళు చికిలించి చూశాడు.

"ఎవరి అమ్మాయివమ్మా నువ్వు?"